కొత్త ఊళ్లో ఉద్యోగం వెతుక్కుంటూ పరిచయాలు పెంచుకోవడం ఎలా: మొదటి మెసేజ్ నుంచి రెఫరల్ దాకా

ఉద్యోగం కోసం కొత్త ఊరికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది చేసే పని ఒకటే. పొద్దున్నే జాబ్ సైట్లు తెరవడం, కనబడ్డ ప్రతిదానికీ అప్లై కొట్టడం, సాయంత్రానికి ఒక్క జవాబూ రాలేదని దిగులుపడటం. అప్లై చేయొద్దని నేను అనను. కానీ రోజంతా అదే చేస్తే ఊరు మారి లాభమేంటి, ఆ పని ఎక్కడ కూర్చునైనా చేయొచ్చు కదా. మీ రంగంలో పని చేసేవాళ్లు ఇప్పుడు బస్సెక్కి వెళ్లి కలవగలిగేంత దగ్గర్లో ఉన్నారు, దాన్ని వాడుకోవాలి.

ఇక్కడే మొహమాటం అడ్డొస్తుంది. నెట్‌వర్కింగ్ అంటే ముక్కూ మొహం తెలియనివాళ్ల దగ్గరికి వెళ్లి ఉద్యోగం ఇప్పించమని బతిమాలుకోవడమని మనలో చాలామంది అనుకుంటారు, అందుకే చేయరు, చేసినా నిజంగానే బతిమాలుకుంటున్నట్టే చేస్తారు. అడగందే అమ్మయినా పెట్టదన్న మాట నిజమే గానీ, ఏం అడుగుతున్నామన్నది చూసుకోవాలి. ఉద్యోగం ఇచ్చే అధికారం మీరు కలిసేవాళ్లలో నూటికి తొంభైమందికి ఉండదు. వాళ్లకు తెలిసిన విషయం చెప్పే శక్తి మాత్రం అందరికీ ఉంటుంది. కాబట్టి అదే అడుగుదాం. కింద చెప్పే పద్ధతంతా దీని మీదే నడుస్తుంది.

1. ఎవరు కావాలో ముందు తేల్చుకోండి

"ఏదైనా పర్లేదు, ఏ కంపెనీ అయినా పర్లేదు" అనేవాళ్లకు ఎవరూ సాయం చేయలేరు, చేయాలని ఉన్నా ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక. ఒక కాగితం మీద మీరు చేయగల ఉద్యోగం పేరు రాయండి, ఒకటి లేదా రెండు, అంతకు మించొద్దు. దాని కింద ఆ ఊళ్లో అలాంటి ఉద్యోగులు ఉండే సంస్థలు ఇరవై, ముప్పై రాయండి. పెద్ద పేర్లు ఎలాగూ గుర్తొస్తాయి. అసలు వెతకాల్సింది చిన్నవాటిని. జాబ్ సైట్లలో పాత ప్రకటనలు, మ్యాప్‌లో పారిశ్రామికవాడలు, ఆఫీసు భవనాల కింద ఉండే పేర్ల బోర్డులు, వ్యాపార సంఘాల సభ్యుల జాబితాలు, వీటిలో దొరుకుతాయి.

ఆ తర్వాత ఒక్కో సంస్థలో మీకు పనికొచ్చే మనిషి ఎవరో చూడండి. మీరు కోరుకునే ఉద్యోగంలోనే ఉన్నవాళ్లు, లేదా దానికి ఒక్క మెట్టు పైన ఉన్నవాళ్లు. నేరుగా డైరెక్టర్‌కి రాయాలనే ఉబలాటం చాలామందికి ఉంటుంది. డైరెక్టర్‌కి రోజూ అలాంటివి వందొస్తాయి, పైగా కింద టీమ్‌లో ఎవరు మానేస్తున్నారో ఆయనకన్నా ముందు పక్క సీట్లో ఉన్నవాళ్లకు తెలుస్తుంది.

2. పాత పరిచయాలను కదపండి

కొత్త ఊళ్లో నాకెవరూ తెలియదు అనేది సగం మాత్రమే నిజం. మీకు తెలిసినవాళ్లకు తెలిసినవాళ్లు అక్కడ ఉండే ఉంటారు.

దీని మీద పేరున్న పరిశోధన ఒకటుంది. మార్క్ గ్రానొవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త అమెరికాలో బోస్టన్ శివార్లలో ఉద్యోగం మారినవాళ్లను అడిగి, 1973లో ఒక వ్యాసం రాశారు. పరిచయాల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లలో, ఆ కబురు చెప్పిన మనిషిని తరచుగా, అంటే వారానికి కనీసం రెండుసార్లు, కలిసేవాళ్లు 16.7 శాతమే. అప్పుడప్పుడూ కలిసేవాళ్లు 55.6 శాతం. ఏడాదికోసారో, అంతకన్నా తక్కువో కలిసేవాళ్లు 27.8 శాతం. కారణం తేలిగ్గానే అర్థమవుతుంది: ప్రాణ స్నేహితుడికి తెలిసినవి మీకూ తెలిసే ఉంటాయి, ఇద్దరూ తిరిగేది ఒకే గుంపులో. దూరపు పరిచయస్తుడు తిరిగే గుంపు వేరు, అక్కడి కబుర్లు వేరు.

దాదాపు యాభై ఏళ్ల తర్వాత, 2022లో, ఉద్యోగ పరిచయాల సైట్ లింక్డ్‌ఇన్‌లో సుమారు 2 కోట్లమంది మీద ఐదేళ్లపాటు చేసిన ప్రయోగాల ఫలితాలు సైన్స్ అనే పత్రికలో వచ్చాయి. వాళ్లు తేల్చింది కూడా ఇంచుమించు ఇదే, చిన్న సవరణతో. మరీ దగ్గరివాళ్ల కన్నా కాస్త దూరపువాళ్లు ఎక్కువ పనికొస్తారు, కానీ పూర్తిగా సంబంధం లేనివాళ్లు కాదు, మీకూ వాళ్లకూ మధ్య కొందరు ఉమ్మడి పరిచయస్తులు ఉండాలి. ఇంకోటి కూడా కనిపించింది. డిజిటల్ పని ఎక్కువగా ఉండే రంగాల్లో ఈ దూరపు పరిచయాల బలం ఎక్కువ, అది తక్కువగా ఉండే రంగాల్లో దగ్గరివాళ్ల మాటే బాగా పనిచేసింది. మీ రంగం ఏదో చూసుకుని టైమ్ పంచుకోండి.

ఇక చేయాల్సిన పని. ఫోన్‌లో కాంటాక్ట్స్ మొదటి అక్షరం నుంచి చివరిదాకా ఓపిగ్గా చూసుకుంటూ వెళ్లండి. పాత ఆఫీసులో పక్క టీమ్‌వాళ్లు, కాలేజీలో సీనియర్లు, ట్రైనింగ్‌లో కలిసినవాళ్లు, ఎప్పుడో మీకు సరుకు సప్లై చేసిన మనిషి, పాత క్లయింట్. మూడేళ్లుగా మాట్లాడలేదు, ఇప్పుడు అవసరం పడి ఫోన్ చేస్తే ఏమనుకుంటారో అని టెన్షన్ పడకండి. అవతలివాళ్లు అంతగా ఆలోచించరు. మీకు ఎన్నాళ్లకో పాత కొలీగ్ ఒకరు పలకరిస్తే ఏమనిపించిందో గుర్తు తెచ్చుకోండి, చాలాసార్లు సంతోషమే కదా. కాకపోతే అవసరాన్ని దాచిపెట్టి అరగంట యోగక్షేమాలు మాట్లాడి చివర్లో అసలు సంగతి తీయడం బాగోదు. మొదట్లోనే చెప్పేయండి: "ఈ నెలలోనే ఊరు మారాను, ఇక్కడ ఫలానా పని వెతుక్కుంటున్నాను, ఈ ఊళ్లో ఆ లైన్‌లో ఉన్నవాళ్లు మీకు ఎవరైనా తెలుసా, ఉద్యోగం కోసం కాదు, ఇక్కడి పద్ధతులు తెలుసుకోవడానికి మాట్లాడాలి."

ఇల్లు మారకముందే ఇది మొదలుపెడితే ఇంకా మంచిది. "ఫలానా తేదీకి వస్తున్నాను" అంటే జనం టైమ్ ఇస్తారు, "ఎప్పటికైనా వద్దామనుకుంటున్నాను" అంటే ఇవ్వరు.

3. ప్రొఫైల్ సంగతి ఒక్క పూటలో ముగించండి

దీని మీద రోజులు తగలేసేవాళ్లను చూస్తే జాలేస్తుంది. మీ మెసేజ్ చూసిన మనిషి మీ పేరు నొక్కి అర నిమిషం చూస్తారు, ఆ అర నిమిషానికి సరిపోయేలా ఉంటే చాలు. మొహం స్పష్టంగా కనిపించే ఫోటో, చేసే పని ఏంటో తెలిసే ఒక్క లైన్, ఇప్పుడున్న ఊరి పేరు. ఊరి పేరు మార్చడం మర్చిపోవద్దు, రిక్రూటర్లు ఊరిని బట్టే వెతుకుతారు. ఇంకా పాత ఉద్యోగంలోనే ఉంటే, "ఓపెన్ టు వర్క్" (ఉద్యోగం వెతుక్కుంటున్నాను) అన్న గుర్తు అందరికీ కనిపించేలా కాకుండా రిక్రూటర్లకు మాత్రమే కనిపించేలా పెట్టుకోవచ్చు. మీ కంపెనీ రిక్రూటర్లకు కనబడకుండా లింక్డ్‌ఇన్ ప్రయత్నిస్తుంది గానీ పూచీ మాత్రం ఇవ్వదు.

4. తెలియనివాళ్లకు మెసేజ్ రాయడం

అసలు ఆట ఇక్కడే. రోజూ రిక్రూటర్లకూ ఉద్యోగులకూ వెళ్లే మెసేజ్ ఎలా ఉంటుందో చూడండి:

"సార్, నేను ఈ సిటీకి కొత్త. జాబ్ కోసం చూస్తున్నాను. మీ కంపెనీలో ఏమైనా ఓపెనింగ్స్ ఉంటే దయచేసి చెప్పగలరు. రెజ్యూమే జత చేశాను."

ఇందులో తప్పుమాట ఒక్కటీ లేదు, మర్యాదగానే ఉంది. కానీ జవాబివ్వాలంటే ఆయన రెజ్యూమే తెరిచి చదవాలి, మీకు ఏ ఉద్యోగం సరిపోతుందో ఊహించాలి, కంపెనీలో ఖాళీలు వెతకాలి, ఆ పైన ముక్కూ మొహం తెలియని మనిషికి తన పేరు వాడనివ్వాలా వద్దా అని తేల్చుకోవాలి. ఇంత పని ఎవరు చేస్తారు? తర్వాత చూద్దాంలే అనుకుంటారు, ఆ తర్వాత అనేది రాదు.

ఇప్పుడు ఇది చూడండి:

"నమస్తే అండి. గోదాముల్లో సరుకు ప్లానింగ్ చేసిన అనుభవం నాలుగేళ్లు ఉంది, ఈ మధ్యే ఈ ఊరికి మారాను. మీరు తయారీ కంపెనీ నుంచి ఆన్‌లైన్ అమ్మకాల వైపు మారినట్టు ప్రొఫైల్‌లో చూశాను, నేనూ అదే ఆలోచిస్తున్నాను. అలా మారేటప్పుడు ఇంటర్వ్యూల్లో మిమ్మల్ని ఎక్కువగా దేని గురించి అడిగారు? రెండు లైన్లు రాసినా చాలు, వీలైతే ఫోన్‌లో 15 నిమిషాలు మాట్లాడినా సంతోషం."

నేనెవరు, మీకే ఎందుకు రాస్తున్నాను, ఏం కావాలి, మూడూ వచ్చేశాయి. ప్రశ్న చిన్నది, జవాబు ఆయన జేబులోనే ఉంది, దేన్నీ వెతకక్కర్లేదు. రెజ్యూమే జత చేయలేదు, గమనించారా. అడిగినప్పుడు పంపితే చదువుతారు. "రెండు లైన్లు రాసినా చాలు" అన్న మాట కూడా ఊరికే పెట్టలేదు, ఫోన్ మాట్లాడే తీరిక లేనివాళ్లు కూడా జవాబిచ్చి బయటపడే దారి అది, అలా రెండు లైన్లు రాసినవాళ్లలో కొందరు మూడో లైన్‌లో వాళ్లే ఫోన్ చేయమంటారు.

లింక్డ్‌ఇన్ ఉచిత ఖాతాలో ఇన్విటేషన్‌తో పాటు నోట్ రాసే అవకాశం నెలకు కొన్నిసార్లే ఉంటుంది, అందులో పట్టేది కూడా తక్కువే. కాబట్టి నోట్‌లో ప్రశ్న ఒక్కటే పెట్టి, మిగతాది వాళ్లు ఒప్పుకున్నాక రాయండి. ఈమెయిల్ అడ్రస్ బహిరంగంగా దొరికితే ఈమెయిల్ ఇంకా మేలు. ఒకే మెసేజ్ కాపీ కొట్టి అరవైమందికి పంపే పని మాత్రం పెట్టుకోకండి. ఒకే టీమ్‌లో ముగ్గురికి అదే మెసేజ్ వెళ్లి వాళ్లు మధ్యాహ్నం ఒకరికొకరు చూపించుకోవడం నిజంగానే జరుగుతుంది.

రోజుకు మూడు మెసేజ్‌లు, చదివి రాసినవి, చాలు. జవాబు రాకపోతే వారం పది రోజుల తర్వాత ఒక్కసారి గుర్తు చేయండి. అప్పటికీ రాకపోతే వదిలేయండి, మనసులో పెట్టుకోకండి. మంచి మెసేజ్‌లకు కూడా చాలావాటికి జవాబు రాదు, మీ మీద కోపం ఉండి కాదు, వాళ్ల పని వాళ్లది.

5. ఆ పదిహేను నిమిషాల్లో ఏం మాట్లాడాలి

సరే, ఒప్పుకున్నారు. ముందురోజు వాళ్లు చేసే పని గురించి, ఆ సంస్థ గురించి ఓ అరగంట చదవండి. వెబ్‌సైట్‌లో దొరికే విషయాన్ని అడిగి వాళ్ల టైమ్ పాడు చేయకండి. మీ గురించి చెప్పమంటే డిగ్రీ నుంచి మొదలుపెట్టొద్దు. ఇప్పటిదాకా ఏం చేశాను, ఏం బాగా చేస్తాను, ఇప్పుడు ఏం వెతుకుతున్నాను, నాలుగు వాక్యాల్లో ఆపేసి మాట వాళ్లకు ఇచ్చేయండి.

నాకు బాగా పనికొచ్చేవిగా అనిపించే ప్రశ్నలు ఇవి. ఈ ఊళ్లో ఈ పనికి మనుషుల్ని ఎలా తీసుకుంటారు, సంస్థలే నేరుగానా, కన్సల్టెన్సీల ద్వారానా? ఏ నెలల్లో ఎక్కువ తీసుకుంటారు? నా అనుభవం విన్నారు కదా, ఇక్కడివాళ్ల కళ్లకు అందులో ఏది తక్కువగా కనిపిస్తుంది? ఈ మూడోది అడగడానికి కాస్త గుండె ధైర్యం కావాలి, కానీ రెజ్యూమే దిద్దుకోవడానికి దీన్ని మించిన సాయం లేదు. జవాబు నచ్చకపోయినా వాదించకండి, రాసుకోండి.

చివర్లో తప్పకుండా అడగాల్సింది: "నా స్థానంలో మీరుంటే ఇంకెవరితో మాట్లాడతారు?" ఒక్కరి పేరు చెప్పినా, వెంటనే "మీ పేరు చెప్పి రాయొచ్చా" అని అనుమతి తీసుకోండి. కొత్త మనిషికి రాసే మెసేజ్‌లో మొదటి లైన్‌లో తెలిసినవాళ్ల పేరు ఉంటే జవాబొచ్చే తీరే వేరు. ఇలా ఒకరి నుంచి ఒకరికి వెళ్తుంటే కొన్నాళ్లకు ఒకే పేరు ఇద్దరు ముగ్గురి నోట వినబడుతుంది. ఆ మనిషిని ఎలాగైనా కలవండి.

అడిగిన టైమ్ అవగానే మీరే ఆపండి. "మీరిచ్చిన పదిహేను నిమిషాలు అయిపోయాయి" అని మీరంటే, పర్లేదు చెప్పండి అని వాళ్లంటారు చాలాసార్లు. అనకపోతే మర్యాదగా సెలవు తీసుకోండి. ఉద్యోగం మాట వాళ్లే తీస్తే సంతోషం, మీరు మాత్రం మొదటిసారే తీయకండి.

6. మనుషులు పోగయ్యే చోట్లకు వెళ్లండి

కొత్త ఊళ్లో పరిచయాలు లేక బాధపడిన మొదటి మనిషి మీరేం కాదు. పాల్ హారిస్ అనే లాయరు 1896లో షికాగోలో ప్రాక్టీసు పెట్టారు, అంత పెద్ద నగరంలో చిన్న ఊళ్లో ఉండే స్నేహం దొరకలేదన్న వెలితి ఆయనకు ఉండేది. 1905 ఫిబ్రవరి 23న ఆయన, ఒక బొగ్గు వ్యాపారి, ఒక మైనింగ్ ఇంజనీరు, ఒక దర్జీ కలిసి కూర్చున్నారు. తలో వృత్తివాళ్లు వంతులవారీగా ఒకరి ఆఫీసులో ఒకరు కలిసేవారు, అందుకే వాళ్ల క్లబ్బుకు రోటరీ అన్న పేరు. ఆ పని చేయడానికి ఆయనకు తొమ్మిదేళ్లు పట్టింది, మీకు అంత టైమ్ లేదు, కాబట్టి ఉన్న సంఘాల్లోనే దూరండి.

ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ ఇంజనీర్లకు ఐఈఈఈ అనే సంఘం స్థానిక విభాగాలు, ప్రాజెక్ట్ మేనేజర్లకు పీఎంఐ అనే సంఘం చాప్టర్లు ప్రపంచంలో చాలా నగరాల్లో ఉన్నాయి. నర్సులకు, అకౌంటెంట్లకు, లాయర్లకు వాళ్ల వాళ్ల సంఘాలు ఉండనే ఉంటాయి. 1924లో కాలిఫోర్నియాలో మొదలైన టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బులు మాట్లాడటం నేర్పడానికి పెట్టినవే గానీ, అన్ని రకాల ఉద్యోగులూ వారం వారం అక్కడికి వస్తారు, చాలా క్లబ్బుల్లో అతిథిగా ముందు వెళ్లి చూడొచ్చు. ఊళ్లో జరిగే సమావేశాలు చూపించే మీటప్ సైట్‌లో మీ రంగం పేరు, ఊరి పేరు కొట్టి చూడండి. పూర్వ విద్యార్థుల సంఘం ఉంటే వదలకండి.

పది చోట్లకు ఒక్కోసారి వెళ్లేకన్నా రెండు చోట్లకు ప్రతిసారీ వెళ్లడం నయం. మొదటిసారి మిమ్మల్ని ఎవరూ పట్టించుకోరు, మూడోసారికి "మీరు పోయినసారి కూడా వచ్చారు కదా" అని వాళ్లే పలకరిస్తారు.

బిడియం ఉన్నవాళ్లకు ఒక కిటుకు: వాలంటీర్‌గా చేరి రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర కూర్చోండి. వచ్చినవాళ్లంతా మీ దగ్గరికే రావాలి, పేరు చెప్పాలి, మీరు జాబితాలో వెతికి, ఏ సంస్థో చదివి, బ్యాడ్జ్ అందిస్తారు. మాట ఎలా మొదలుపెట్టాలన్న బెంగే ఉండదు. రెండు గంటల తర్వాత హాల్లోకి వెళ్తే సగంమంది మొహాలు మీకు తెలుసు, వాళ్లకు మీ మొహం తెలుసు. పైగా నిర్వాహకులు మీతో కలిసి కుర్చీలు సర్దినవాళ్లు, రేపు ఎవరినైనా పరిచయం చేయమంటే కాదనరు. వాలంటీర్‌గా కుదరకపోతే కనీసం ముందుగా వెళ్లండి. ఆలస్యంగా వెళ్తే అప్పటికే గుంపులు కట్టేసుకుని ఉంటారు, వాటిలో చొరబడటం ఎంత కలుపుగోలు మనిషికైనా కష్టమే.

ఇంకో మాట, ఇది ఎక్కువమంది చెప్పరు. ఏ రంగంలోనైనా అన్ని సంస్థల గుమ్మాలూ ఎక్కి దిగేవాళ్లు కొందరుంటారు: సరుకు సప్లై చేసేవాళ్లు, మెషిన్లు రిపేరు చేసే సర్వీస్ ఇంజనీర్లు, మెడికల్ రెప్‌లు, ఆడిటర్లు, సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు. ఎక్కడ కొత్త బ్రాంచ్ పెడుతున్నారో, ఎక్కడ మేనేజర్ మానేశాడో వీళ్లకు ప్రకటన రాకముందే తెలుస్తుంది. ముఖ్యంగా కంప్యూటర్ ముందు కూర్చునే పని కాకపోతే, ఇలాంటివాళ్లు ఇద్దరు తెలిసి ఉండటం వంద లింక్డ్‌ఇన్ కనెక్షన్ల పెట్టు.

7. రాసుకోండి, మళ్లీ పలకరించండి

ఒక ఎక్సెల్ షీట్ పెట్టుకోండి, నోటుబుక్ అయినా సరే. పేరు, ఎలా పరిచయం, ఏ రోజు మాట్లాడాం, ఏం చెప్పారు, నేను చేస్తానన్నది ఏంటి, మళ్లీ ఎప్పుడు పలకరించాలి. ఒక వరస ఇలా ఉంటుంది: "పాత కొలీగ్ ద్వారా, 12న ఫోన్, రెజ్యూమేలో టూల్స్ పేర్లు పైకి తెమ్మన్నారు, ఏప్రిల్‌లో కొత్త టీమ్ రావచ్చన్నారు, దిద్దిన రెజ్యూమే పంపాలి, మార్చి చివర్లో పలకరించాలి." ఇది లేకపోతే నెల తిరిగేసరికి ఎవరు ఏం చెప్పారో కలగాపులగం అయిపోతుంది.

మాట్లాడిన రోజే థాంక్స్ మెసేజ్ పంపండి, అందులో వాళ్లు చెప్పిన విషయం ఒకటి ఉండాలి. అంతవరకు చాలామంది చేస్తారు. రెండో మెసేజ్ దాదాపు ఎవరూ పంపరు. రెండు మూడు వారాల తర్వాత, "మీరు చెప్పినట్టు టూల్స్ పేర్లు పైకి తెచ్చాను, తర్వాత రెండు ఇంటర్వ్యూలు వచ్చాయి, ఒకదాంట్లో మీరన్న ప్రశ్నే అడిగారు" అని రాయండి. ఏమీ అడగొద్దు, అంతే. తన సలహా ఒక మనిషికి పనికొచ్చిందని తెలిస్తే ఎవరికైనా ఆ మనిషి గుర్తుండిపోతారు, ఆ వారంలో ఆఫీసులో ఖాళీ మాట వస్తే నోటికొచ్చేది మీ పేరే.

ఉద్యోగం లేకపోయినా మీరు ఇవ్వగలిగేవీ ఉంటాయి. మీకు సరిపోని ఖాళీ కనిపిస్తే సరిపోయేవాళ్లకు పంపండి. మీలాగే వెతుక్కుంటున్న ఇద్దరిని కలపండి.

8. రెఫరల్ అడిగే పద్ధతి

ఇప్పుడు, ఇప్పుడు మాత్రమే, రెఫరల్, అంటే వాళ్ల సంస్థలో మీ పేరు సిఫారసు చేయమని, నేరుగా అడగొచ్చు. వాళ్ల సంస్థలో మీకు అతికినట్టు సరిపోయే ఖాళీ కనబడింది, వాళ్లతో మీరు ఒకటి రెండుసార్లు మాట్లాడి ఉన్నారు. ముందు ఒక్కటి గుర్తుంచుకోండి: వెబ్‌సైట్‌లో మీరే అప్లై చేసేశాక రెఫర్ చేయడం చాలా కంపెనీల్లో కుదరదు, అప్పటికే మీ పేరు సిస్టమ్‌లో ఉంటుంది. కాబట్టి అప్లై నొక్కేముందే అడగండి.

అడిగేటప్పుడు వాళ్లకు పని మిగల్చకండి. ఉద్యోగం లింకు, జాబ్ ఐడీ, పీడీఎఫ్ రెజ్యూమే, వీటితో పాటు మూడు లైన్లు, వాళ్లు అలాగే హెచ్‌ఆర్‌కు ఫార్వర్డ్ చేయగలిగేలా: ఈ పనికి కావాల్సిన అనుభవం ఎన్నేళ్లు ఉంది, చేసి చూపించిన పని ఏంటి, ఎప్పుడు చేరగలరు. "మీకు ఇబ్బంది లేకపోతేనే, లేదన్నా ఏమీ అనుకోను" అని చేర్చండి, నిజంగానే అనుకోకండి కూడా. రెఫరల్ అంటే ఇంటర్వ్యూ దాకా తోవ, అంతకు మించి ఆశ పెట్టుకుంటే ఆ మనిషిని ఊరికే రోజూ వేధిస్తారు.

9. కాస్త జాగ్రత్త

ఉద్యోగం ఇప్పిస్తాను, ముందు ఇంత కట్టమన్నవాళ్లు ఎంత పెద్ద కంపెనీ పేరు చెప్పినా వదిలేయండి, రిజిస్ట్రేషన్ ఫీజన్నా, ట్రైనింగ్ డిపాజిట్ అన్నా అంతే. ఆఫర్ రాకముందే బ్యాంకు వివరాలు, గుర్తింపు కార్డుల కాపీలు ఇవ్వొద్దు. ఆన్‌లైన్ పరిచయాన్ని మొదటిసారి కలిసేది ఆఫీసులోనో, పదిమంది తిరిగే చోటో ఉండాలి. పాత కంపెనీ గురించి చెడ్డగా మాట్లాడటం కూడా మానుకోండి, ఏ ఊళ్లోనైనా ఒక రంగంవాళ్లంతా ఒకరికొకరు తెలిసే ఉంటారు.

10. ఆఫర్ చేతికొచ్చాక

షీట్ తెరిచి, మీతో మాట్లాడిన ప్రతి ఒక్కరికీ విడివిడిగా రాయండి, ఎక్కడ చేరుతున్నారో, వాళ్ల మాట ఎక్కడ పనికొచ్చిందో. వేరేచోట రెఫరల్ ఇంకా నడుస్తూ ఉంటే అక్కడి హెచ్‌ఆర్‌కూ, రెఫర్ చేసినవాళ్లకూ ఇద్దరికీ అదే రోజు చెప్పి మీ పేరు వెనక్కి తీసుకోండి. మీరు చెప్పకుండా ఊరుకుంటే, హెచ్‌ఆర్‌వాళ్లు "మీ క్యాండిడేట్ ఫోన్ ఎత్తడం లేదేంటి" అని అడిగేది మిమ్మల్ని రెఫర్ చేసినవాళ్లనే.